పీఎస్5ని కంప్యూటర్ మానిటర్‌కి పెడితే నో సిగ్నల్, సౌండ్ లేదు, రంగులు వెలిసిపోయాయి: ఏం చెయ్యాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "అన్నా, పీజీలో ఉంటాను, టీవీ లేదు. 27 అంగుళాల 1440పి మానిటర్ ఉంది, 165 హెర్ట్జ్. వెనక ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్. హెచ్‌డీఎంఐలో పీసీ ఉంది కాబట్టి కొత్తగా కొన్న పీఎస్5 కోసం డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చాను. నో సిగ్నల్ అంటోంది. పీసీ కేబుల్ పీకేసి పీఎస్5ని హెచ్‌డీఎంఐలో పెడితే బొమ్మ వచ్చింది. కానీ సౌండ్ లేదు, నలుపు బూడిద రంగులా ఉంది, 60 హెర్ట్జ్ దాటడం లేదు. పాడైంది మానిటరా, పీఎస్5ఆ?"

రెండూ శుభ్రంగా ఉన్నాయి. కేబుల్‌కి పెట్టిన డబ్బులే పోయాయి. మీరు చెప్పిన నాలుగు బాధలూ నాలుగు రకాలుగా కనిపిస్తున్నాయి గానీ వేరు ఒక్కటే. కన్సోల్‌ని, అంటే మీ పీఎస్5 లాంటి ఆటల పెట్టెని, తయారుచేసిందే టీవీ కోసం. దానికి ఏది తగిలించినా టీవీయే అనుకుంటుంది. టీవీ అంటే హెచ్‌డీఎంఐ ఉంటుంది, స్పీకర్లు ఉంటాయి, నలుపుకి టీవీ లెక్క ఒకటి ఉంటుంది. మీ మానిటర్‌ని తయారుచేసినవాళ్లు మాత్రం ఎదురుగా పీసీ ఉంటుందని, డిస్‌ప్లేపోర్ట్ వాడతారని అనుకున్నారు. ఈ ఇద్దరి మధ్యా మీరు ఇరుక్కున్నారు, అంతే.

ముందు ఆ కేబుల్ సంగతి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, నేనూ ఒకసారి చేశాను. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో ఒక కొట్టులో "ఇది రెండు వైపులా పనిచేస్తుంది సార్" అని ధీమాగా చెప్పి అమ్మారు. పనిచేయదు. అది ఒన్‌వే. పీసీ గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే డిస్‌ప్లేపోర్ట్‌కి సాధారణంగా రెండు భాషలు వచ్చు. అవతల హెచ్‌డీఎంఐ స్క్రీన్ ఉందని తెలిస్తే హెచ్‌డీఎంఐ భాషలోనే మాట్లాడగలదు. ఆ చౌక కేబుల్ లోపల ఉండేది అప్పుడు వోల్టేజీ సర్దే చిన్న ఏర్పాటే. కన్సోల్ హెచ్‌డీఎంఐకి వచ్చింది ఒక్క భాషే. మానిటర్ డిస్‌ప్లేపోర్ట్‌కీ వచ్చింది ఒక్క భాషే. మధ్యలో అనువాదకుడు కావాలి, అంటే హెచ్‌డీఎంఐ టు డిస్‌ప్లేపోర్ట్ యాక్టివ్ కన్వర్టర్. దానికి కరెంట్ కోసం పక్కన ఒక యూఎస్‌బీ తోక ఉంటుంది. దొరుకుతాయి, పనిచేస్తాయి కూడా. కానీ చాలావాటిలో 120 హెర్ట్జ్ (అంటే సెకనుకి 120 సార్లు బొమ్మ మారడం) మీద ఆశ వదులుకోవాలి, వీఆర్‌ఆర్ (గేమ్ వేగాన్ని బట్టి స్క్రీన్ హెర్ట్జ్ కూడా మారే సౌకర్యం) ఊసే ఎత్తకూడదు.

మీకు అదేమీ అక్కర్లేదు. మీ పీసీలో గ్రాఫిక్స్ కార్డు ఉందంటే దాని వెనక దాదాపు కచ్చితంగా డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. మామూలు డిస్‌ప్లేపోర్ట్ టు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఒకటి తీసుకోండి. చాలా మానిటర్ల డబ్బాలో అది వస్తుంది కూడా, అట్టపెట్టె పారేయకుండా ఉంటే ఒకసారి వెతకండి. పీసీని డిస్‌ప్లేపోర్ట్‌కి మార్చి, హెచ్‌డీఎంఐని పీఎస్5కి వదిలేయండి. దీనివల్ల పీసీకీ లాభమే. 165 హెర్ట్జ్ మానిటర్లలో చాలావాటికి ఆ 165 డిస్‌ప్లేపోర్ట్‌లోనే వస్తుంది, హెచ్‌డీఎంఐలో 144 దగ్గరో అంతకంటే కిందో ఆగిపోతుంది. మీరు ఇన్నాళ్లూ పీసీని హెచ్‌డీఎంఐలో నడిపారు కదా, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఎంత ఉందో చూడండి. 60 కనిపిస్తే నన్ను తిట్టుకోకండి.

పీఎస్5 వైపు కేబుల్ మాత్రం డబ్బాలో వచ్చినదే వాడండి. అది అల్ట్రా హై స్పీడ్ కేబుల్, 48 గిగాబిట్ల రకం. మంచి కేబుల్‌ని డబ్బాలోనే వదిలేసి పాత సెట్‌టాప్ బాక్స్ కేబుల్ తగిలించి "బొమ్మ అప్పుడప్పుడు సెకను పాటు నల్లగా పోతోంది" అనేవాళ్లని చూశాను. అలా మెరిసి పోయి మళ్లీ వస్తోందంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే.

ఇక 60 హెర్ట్జ్ సంగతి. ఇక్కడ కాస్త ఆగి అర్థం చేసుకుంటే తర్వాత అన్నీ మీరే సర్దుకోగలరు. కేబుల్ పెట్టగానే మానిటర్ తన వివరాల చీటీ ఒకటి కన్సోల్‌కి అందిస్తుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. "నేను ఇంత రిజల్యూషన్ తీసుకోగలను, ఇన్ని హెర్ట్జ్ తీసుకోగలను, నాకు స్పీకర్లు ఉన్నాయి లేదా లేవు" అని అందులో రాసి ఉంటుంది. పీసీ అయితే ఆ చీటీని పక్కనపెట్టి మనం చెప్పినట్టు కూడా కొంతవరకు వింటుంది. కన్సోల్ ఆ చీటీలో ఉన్నది, తనకు తెలిసిన నాలుగైదు లెక్కల్లో ఒకటి అయితేనే పంపుతుంది. పీఎస్5కి తెలిసినవి 720పి, 1080పి, 1440పి, 2160పి. ఈ అంకె స్క్రీన్‌లో పై నుంచి కిందికి ఎన్ని చుక్కల వరసలో చెబుతుంది, 2160పినే 4కె అంటారు. హెర్ట్జ్ 60 లేదా 120. 144, 165 అనే అంకెలు దానికి లేవు. 21:9 అల్ట్రావైడ్ కూడా లేదు, అలాంటి మానిటర్‌లో పక్కన నల్ల పట్టీలు వస్తాయి.

అసలు 1440పి కూడా మొదట్లో లేదు. 2020 నవంబర్‌లో పీఎస్5 వచ్చినప్పుడు 1440పి మానిటర్ ఉన్నవాళ్లంతా తల బాదుకున్నారు. 1080పి పంపితే 1440పి స్క్రీన్ మీద ఒక చుక్క ఒకటీ పావలా... కాదు, ఒకటీ మూడో వంతు చుక్కల మీద సర్దుకోవాలి, అక్షరాలు అలికినట్టు వచ్చేవి. 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌లో 1440పి ఇచ్చారు. 2023 మార్చిలో 1440పిలో వీఆర్‌ఆర్ కూడా కలిపారు. మీది కొత్తది కాబట్టి రెండూ ఉంటాయి. ముందు సిస్టమ్ అప్‌డేట్ చేసేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి.

సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో అవుట్‌పుట్. మొదటే "వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్" అని ఒకటుంటుంది. అది తెరిచి, ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. ఇప్పుడు ఏది వెళ్తోంది, మీ మానిటర్ చీటీలో ఏమేమి ఉన్నాయి అన్నది అక్కడ రాసి ఉంటుంది. 1440పి, 120 హెర్ట్జ్ అందులో కనిపిస్తే మీ పని అయిపోయినట్టే. రిజల్యూషన్ 1440పి ఎంచుకోండి, టెస్ట్ చేయమంటే చేయండి, 120 హెర్ట్జ్ అవుట్‌పుట్ ఆటోమేటిక్‌లో పెట్టండి.

ఇంత చేసినా హోమ్ స్క్రీన్ మీద 60 కనిపిస్తే కంగారు పడొద్దు. 120 అనేది ఆ సౌకర్యం ఉన్న గేమ్ నడుస్తున్నప్పుడే వస్తుంది. చాలా గేమ్స్‌కి ఇంకో మెలిక ఉంది: సెట్టింగ్స్‌లో సేవ్డ్ డేటా అండ్ గేమ్ సెట్టింగ్స్, అందులో గేమ్ ప్రీసెట్స్, అక్కడ "పెర్ఫార్మెన్స్ మోడ్" పెడితే గానీ 120కి వెళ్లవు. మరికొన్నిటికి గేమ్ లోపలి మెనూలో వేరే స్విచ్ ఉంటుంది. ఈ రెండు మెనూల మధ్య ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నవాడిని నేను.

చీటీలోనే 120 లేకపోతే? మానిటర్ సొంత మెనూ తెరవండి, అంటే దాని కింద అంచున, లేదా వెనక జాయ్‌స్టిక్‌లా ఉండే బటన్ నొక్కితే వచ్చేది. కొన్ని మానిటర్లలో "హెచ్‌డీఎంఐ వెర్షన్" అని 1.4, 2.0 మధ్య ఎంచుకునే వీలుంటుంది, ఫ్యాక్టరీ నుంచి 1.4లోనే వస్తాయి. దాన్ని 2.0కి మార్చి, కన్సోల్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కొత్త చీటీ వెళ్తుంది. లెక్క ఏమిటంటే, హెచ్‌డీఎంఐ 1.4 గొట్టంలో 10.2 గిగాబిట్లే పడతాయి. అందులో 1080పి 120 దూరుతుంది గానీ 1440పి 120 దూరదు. 2.0లో 18 గిగాబిట్లు, 1440పి 120 హాయిగా పడుతుంది, 4కె అయితే 60 దగ్గర ఆగుతుంది. 4కె 120 కావాలంటేనే 2.1 కావాలి. అంటే మీలాంటి 1440పి వాళ్లు 2.1 కోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరం పెద్దగా లేదు, ఒక్క వీఆర్‌ఆర్ కోసం తప్ప. మీ మానిటర్ హెచ్‌డీఎంఐ నిజంగానే 1.4 అయితే 1080పి 120, 1440పి 60లలో ఒకటి ఎంచుకోవాలి. షూటింగ్, రేసింగ్ ఆటలకి మొదటిది, కథ నడిచే ఆటలకి రెండోది. నా ఓటు ఎప్పుడూ 1440పి 60కే, కళ్లు పాతబడ్డాయి కాబట్టి కావచ్చు.

డబ్బా మీద "హెచ్‌డీఎంఐ 2.1" అని ఉన్నంత మాత్రాన నమ్మేయకండి, ఇది కొత్తగా కొనేవాళ్లకి. 2.1లోని కొత్త సౌకర్యాలన్నీ ఐచ్ఛికం. 2.0 స్థాయి పోర్టుకి కూడా 2.1 అని పేరు పెట్టుకునే వీలుందని 2021 చివర్లో బయటపడి పెద్ద గోలే అయింది. వెర్షన్ నంబర్ కాదు, "హెచ్‌డీఎంఐలో 4కె 120" అనో "హెచ్‌డీఎంఐలో 1440పి 120" అనో స్పెసిఫికేషన్ పేజీలో స్పష్టంగా రాసి ఉందా అన్నది చూడండి.

రంగు వెలిసిన సంగతి ఇప్పుడు. నాలుగు ఉతుకులు పడ్డ నల్ల చొక్కాలా ఉంది కదా? కారణం ఇదీ. పీసీ లోకంలో నలుపుకి అంకె 0, తెలుపుకి 255. టీవీ లోకంలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. పాత ప్రసారాల కాలం నుంచి వస్తున్న అలవాటు అది. పీఎస్5 మీ మానిటర్‌ని టీవీ అనుకుని నలుపుని 16గా పంపుతోంది. మానిటర్‌కి 16 అంటే నలుపు కాదు, ముదురు బూడిద. అదే చూపిస్తోంది, దాని తప్పేం లేదు. వీడియో అవుట్‌పుట్‌లో "ఆర్‌జీబీ రేంజ్" అని ఉంటుంది, ఆటోమేటిక్ తీసేసి ఫుల్ పెట్టండి.

ఫుల్ పెట్టాక ఉల్టా సమస్య రావచ్చు: చీకటి మూలల్లో ఏమీ కనిపించకుండా అంతా ఒకే నల్లటి ముద్దలా మారడం. అప్పుడు మానిటర్ హెచ్‌డీఎంఐని టీవీ లెక్కలో చదువుతోందన్నమాట. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ రేంజ్, బ్లాక్ లెవెల్, పీసీ/ఏవీ మోడ్ లాంటి పేర్లతో ఒకటుంటుంది, కంపెనీకో పేరు. దాన్ని కూడా ఫుల్ లేదా పీసీ వైపుకి తిప్పండి. పరీక్షకి ఏదైనా గేమ్‌లో గుహలోకో రాత్రి పూట సీన్‌లోకో వెళ్లి నిలబడండి. గోడ మీద రాళ్లు లీలగా కనిపించాలి, అదే సమయంలో నల్ల పట్టీలు నల్లగానే ఉండాలి. రెండూ జరిగితే సరిపోయినట్టు.

ఆ మెనూలో ఉండగానే ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగ్ కూడా చూడండి, స్క్రీన్ చుక్కలు ఎంత త్వరగా రంగు మార్చాలో చెప్పేది అది. రెస్పాన్స్ టైమ్ అని కూడా ఉంటుంది. "ఫాస్టెస్ట్" అని ఉంటే ఒక మెట్టు దించండి. ఆ స్థాయిని సాధారణంగా 165 హెర్ట్జ్‌ని దృష్టిలో పెట్టుకుని సర్ది ఉంటారు, 60లో నడిపితే కదిలే బొమ్మల వెనక తెల్లటి నీడలు వస్తాయి.

హెచ్‌డీఆర్ (వెలుగుకీ చీకటికీ తేడా పెంచి చూపించే పద్ధతి) గురించి నా సలహా ఒక్క ముక్క: ఆపేయండి. మీ బడ్జెట్ మానిటర్ల డబ్బా మీద ఉండే "డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400" ముద్రకి స్క్రీన్‌లో చోటుకో రకంగా వెలుతురు తగ్గించే ఏర్పాటు ఉండక్కర్లేదు. వెనక లైటు మొత్తం ఒకేసారి పెరుగుతుంది, నలుపు మళ్లీ బూడిదవుతుంది. ఇంత కష్టపడి సరిచేసిన రంగుని మళ్లీ పాడుచేసుకోవడం ఎందుకు?

వీఆర్‌ఆర్ కూడా త్వరగా ముగిస్తాను. మీ మానిటర్ మీద ఫ్రీసింక్ స్టిక్కర్ ఉండి ఉంటుంది, అది ఏఎండీ కంపెనీ వీఆర్‌ఆర్ పద్ధతి. అది పీఎస్5కి చాలదు. పీఎస్5కి హెచ్‌డీఎంఐ 2.1 పద్ధతి వీఆర్‌ఆరే కావాలి, అదీ 48 నుంచి 120 మధ్యే పనిచేస్తుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ అయితే హెచ్‌డీఎంఐ మీద ఫ్రీసింక్‌ని కూడా ఒప్పుకుంటాయి. 1440పి విషయంలో కూడా ఎక్స్‌బాక్స్ మొదటి నుంచీ మానిటర్ వాళ్లకి దయగానే ఉంది. మానిటర్ ముందే ఉంది, కన్సోల్ ఇంకా కొనలేదు అనేవాళ్లు ఇది కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. అయితే మీరు ఆడాలనుకున్న గేమ్స్ ఎందులో ఉన్నాయన్నదే అసలు లెక్క, ఈ హెర్ట్జ్‌లన్నీ ఆ తర్వాత.

సౌండ్ దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. హెచ్‌డీఎంఐలో బొమ్మతో పాటు సౌండ్ కూడా మానిటర్ దాకా వెళ్తోంది. మానిటర్‌కి స్పీకర్లు లేకపోతే అక్కడే ఆగిపోతోంది. మానిటర్ వెనకో కిందో హెడ్‌ఫోన్ గుర్తుతో 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉందేమో వేలితో తడిమి చూడండి, చాలావాటికి ఉంటుంది, లోపలికి దాచిపెడతారు. పీసీకి వాడే రెండు చిన్న స్పీకర్ల పచ్చ పిన్ను అందులో పెడితే సౌండ్ వచ్చేస్తుంది. రాకపోతే మానిటర్ మెనూలో వాల్యూమ్ సున్నాలో ఉందేమో, ఆడియో సోర్స్ వేరే ఇన్‌పుట్ మీద ఉందేమో చూడండి. పీఎస్5 సెట్టింగ్స్‌లో సౌండ్, ఆడియో అవుట్‌పుట్‌కి వెళ్లి హెచ్‌డీఎంఐ డివైస్ రకం "టీవీ" అని ఉంచండి. ఏవీ యాంప్లిఫయర్ అని పెట్టి డాల్బీ ఎంచుకుంటే మానిటర్‌కి ఆ సౌండ్‌ని విప్పడం రాదు. మానిటర్‌కి అర్థమయ్యేది మామూలు రెండు చానెళ్ల పీసీఎం, అంటే కుదించని సౌండ్, మాత్రమే.

ఆ రంధ్రం నుంచి వచ్చే సౌండ్ గొప్పగా ఉంటుందని చెప్పను. కొన్నిటిలో సన్నటి "స్‌స్‌" రొద ఉంటుంది, అరుపులు లేని సీన్లలో తెలిసిపోతుంది. పీజీలో ఉంటున్నారు కాబట్టి మీకు అంతకంటే తేలిక దారి ఒకటుంది: డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్ కింద భాగంలో ఉన్న జాక్. ఏ వైర్ ఇయర్‌ఫోన్ అయినా అందులో గుచ్చండి. సెట్టింగ్స్‌లో "అవుట్‌పుట్ టు హెడ్‌ఫోన్స్" దగ్గర ఆల్ ఆడియో ఉండాలి. చాట్ ఆడియో అని ఉంటే స్నేహితుల గొంతులే వినిపిస్తాయి, గేమ్ మూగగా ఉంటుంది. దీనివల్ల కంట్రోలర్ చార్జింగ్ కొంచెం తొందరగా అయిపోతుంది, అంతకు మించి ఇబ్బంది లేదు. రూమ్‌మేట్ నిద్రకి కూడా మంచిది.

ఫోన్‌కి వాడే బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పీఎస్5కి నేరుగా కలవవు. వెతికి వెతికి అలసిపోకండి, ఆ సౌకర్యమే ఇవ్వలేదు. వైర్‌లెస్సే కావాలంటే యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే గేమింగ్ హెడ్‌సెట్ తీసుకోండి, లేదా యూఎస్‌బీలో గుచ్చే బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్. రెండోదాంట్లో కాల్చిన తర్వాత చప్పుడు రావడం కాస్త ఆలస్యం అవుతుంది. ఇంట్లో పాత హోమ్ థియేటర్ ఉండి ఆప్టికల్ వైర్‌తో కలపాలనుకునేవాళ్లకి: పీఎస్5 వెనక ఆప్టికల్ పోర్టు లేదు. మధ్యలో హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న డబ్బా పెట్టాలి. కొనేముందు అది 120 హెర్ట్జ్‌ని దాటనిస్తుందో లేదో అడగండి, లేకపోతే పైన చేసిన పనంతా వృథా.

పీఎస్3 రోజుల్లో నా తిప్పలు గుర్తొచ్చాయి. నా మానిటర్‌కి డీవీఐ అనే పాత రకం పోర్టు తప్ప ఇంకేమీ లేదు. హెచ్‌డీఎంఐ, డీవీఐ రెండిటిలోనూ బొమ్మ సిగ్నల్ ఒకే రకం కాబట్టి చిన్న అడాప్టర్‌తో బొమ్మ వచ్చింది, సౌండ్ రాలేదు. చివరికి బొమ్మ హెచ్‌డీఎంఐలో, సౌండ్ మాత్రం పీఎస్3తో వచ్చిన పాత ఎరుపు, తెలుపు పిన్నుల వైరులో పంపి, దాన్ని టేప్ రికార్డర్ వెనక గుచ్చాను. పసుపు పిన్ను ఊరికే వేలాడుతూ ఉండేది. ఇప్పటి కన్సోళ్లకి ఆ వైరే లేదు.

ఇంకో జాగ్రత్త, ఇది మాత్రం అశ్రద్ధ చేయకండి. పీఎస్5 కరెంట్ వైరు చూడండి, రెండు పిన్నులే, ఎర్త్ లేదు. పీసీకీ చాలా మానిటర్లకీ మూడు పిన్నులు. కన్సోల్ ప్లగ్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ వైరు చివర ఇనుప భాగాన్ని పట్టుకుంటే కొన్నిసార్లు చీమ కుట్టినట్టు జివ్వుమంటుంది. షాక్ కొట్టేంత కాదు. పవర్ సప్లైలో రొద తగ్గించడానికి పెట్టే చిన్న కెపాసిటర్ల గుండా కారే కరెంట్ అది, ఎర్త్ లేకపోవడంతో ఎటూ పోలేక బాడీ మీద నిలబడుతుంది. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐని గుచ్చుతూ పీకుతూ ఉంటే ఆ జివ్వుమనేది పోర్టు వెనకున్న చిప్ మీద పడే ప్రమాదం ఉంది. మనిషికి చీమ కుట్టినట్టే, చిప్‌కి మాత్రం తేలు కుట్టినట్టు. అందుకని కేబుల్ మార్చే ప్రతిసారీ కన్సోల్‌నీ మానిటర్‌నీ గోడ దగ్గర స్విచ్ ఆపేసి మార్చండి. రెస్ట్ మోడ్‌లో నారింజ లైటు వెలుగుతుంటే ఆపినట్టు కాదు. అలాగే కేబుల్‌ని అడ్డంగా ఊపి లాగకుండా, తలకిందులుగా దోపకుండా, తిన్నగా పెట్టండి. లోపలి పిన్నులు వంగితే బోర్డు మీద టంకం వేయించుకోవాల్సిందే. పీజీ గది సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి. మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన వెనక వైరు ఉన్నట్టు కాదు.

సెట్టింగ్స్ మారుస్తుండగా ఎప్పుడైనా స్క్రీన్ పూర్తిగా నల్లబడి, లైటు మాత్రం తెల్లగా వెలుగుతూ ఉంటే, మానిటర్ తీసుకోలేనిది పంపుతోందని అర్థం. కన్సోల్‌ని పూర్తిగా ఆఫ్ చేయండి. పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, వెంటనే ఒక బీప్, సుమారు ఏడు సెకన్లకి రెండో బీప్. రెండోది వినగానే వదిలేయండి. సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి పీఎస్ బటన్ నొక్కాలి, వైర్‌లెస్‌లో పనిచేయదు. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చౌక వైరు అయితే అదీ పనిచేయదు, డేటా వెళ్లే వైరు ఉండాలి. "చేంజ్ వీడియో అవుట్‌పుట్"లో రిజల్యూషన్ మళ్లీ మొదటికి తెచ్చుకోవచ్చు.

ఇదే ప్రశ్న కొంచెం అటూ ఇటుగా అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు కాబట్టి ఇంకో రెండు మూడు మాటలు. లాప్‌టాప్‌కి ఉన్న హెచ్‌డీఎంఐ బొమ్మ బయటికి పంపడానికే, లోపలికి తీసుకోదు. కన్సోల్‌ని దానికి తగిలిస్తే ఏమీ జరగదు. బయటి బొమ్మని లోపలికి తీసుకునే క్యాప్చర్ కార్డు కొనాలి, లేదా వైఫైలో కన్సోల్ బొమ్మని లాప్‌టాప్‌కి పంపే రిమోట్ ప్లే యాప్ వాడాలి. పీఎస్5 ముందున్న యూఎస్‌బీ సి నుంచి బొమ్మ రాదు, కాబట్టి యూఎస్‌బీ సి మానిటర్ ఉందని సంబరపడొద్దు. నింటెండో స్విచ్‌ని మానిటర్‌కి పెట్టాలంటే డాక్, అంటే దాన్ని నిలబెట్టి హెచ్‌డీఎంఐ తగిలించే స్టాండు, ఉండాలి. పాత స్విచ్ 1080పి 60 దాటదు, 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 డాక్‌లో 1440పి 120 ఇవ్వగలదు. పీఎస్4 ప్రోకి 1440పి లేదు, అలాంటివాళ్లు 1080పి మానిటరో 4కె మానిటరో చూసుకోవడం మేలు. వీజీఏ మాత్రమే ఉన్న పాత చదరపు మానిటర్లకి హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ పెట్టొచ్చు గానీ బొమ్మ నిలువుగా సాగి మనుషులంతా సన్నబడిపోతారు. కొన్ని కన్వర్టర్లు కాపీ రక్షణ వల్ల బొమ్మే ఇవ్వవు. సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ ఆపేస్తే గేమ్స్ కనిపిస్తాయి, సినిమాల యాప్స్ మాత్రం నడవవు.

చివరిగా, పీసీకి యూపీఎస్ ఉంది కదా అని పీఎస్5ని కూడా దాంట్లోనే గుచ్చేస్తారేమో. బరువైన గేమ్ ఆడుతున్నప్పుడు పీఎస్5 సుమారు 200 వాట్లు లాగుతుంది, 27 అంగుళాల మానిటర్ ఇంకో 30, 40. మామూలు 600 వీఏ యూపీఎస్‌కి ఉండేది సుమారు 360 వాట్ల శక్తి. పీఎస్5, మానిటర్ రెండే అయితే కరెంట్ పోయినప్పుడు సేవ్ చేసుకుని ఆపేసే టైమ్ దొరుకుతుంది. పక్కనే పీసీ కూడా గేమ్ డౌన్‌లోడ్ చేస్తూ నడుస్తోందా, కరెంట్ పోయిన క్షణమే యూపీఎస్ కీచుమని మూడిటినీ కలిపి ఆర్పేసే ప్రమాదం ఉంది.